ముందు నిలబడే చోటు, తరవాతే లెన్సు

ఐనవిల్లి విఘ్నేశ్వరుడి గుడికి వచ్చినవాళ్లు గోపురాన్ని ఫొటో తీసే తీరు ఒకసారి గమనించండి. నడుచుకుంటూ వచ్చి, కాళ్లు ఎక్కడ ఆగితే అక్కడే నిలబడి ఫోనో కెమెరానో పైకెత్తుతారు. గోపురం పూర్తిగా పట్టకపోతే 0.5 నొక్కుతారు. చిన్నదిగా ఉందనిపిస్తే రెండు వేళ్లతో తెరను సాగదీస్తారు. వేళ్లు కదులుతాయి గానీ మనిషి అడుగు కదపడు. తీశాక చూసుకుని ‘కంటికి కనబడ్డట్టు రాలేదే’ అనుకుంటారు. ఇంకాస్త ఖరీదైన లెన్సు ఉంటే వచ్చేదేమో అన్న ఆలోచన అక్కడే మొదలవుతుంది. ఆ ఆలోచన మీకూ వచ్చి ఉంటే, డబ్బు ఖర్చు పెట్టే ముందు ఈ అధ్యాయం చదవండి.

ఆరుబయట తీసే ఫొటోలో దగ్గరవి ఎంత పెద్దగా, దూరానివి ఎంత చిన్నగా కనిపించాలో తేల్చేది మీరు నిలబడ్డ చోటు. పర్‌స్పెక్టివ్ అంటే ఇదే. ఆ చోటు నుంచి కనిపించేదాంట్లో ఎంత మేర ఫ్రేములోకి తీసుకోవాలో తేల్చేది లెన్సు. ఫ్రేములోకి ఏం వచ్చిందో దాన్ని బట్టి కెమెరా వెలుగును కొలుస్తుంది. చోటు, లెన్సు, ఎక్స్‌పోజర్ అన్న ఈ వరసలో నిర్ణయాలు తీసుకోవడం అలవాటైతే, ఉన్న లెన్సుతోనే మీరు అనుకున్న ఫొటో వస్తుంది. వరస తిరగబడితే ఎంత ఖరీదైన లెన్సయినా మీ బదులు నిర్ణయం తీసుకోలేదు.

కాలువ గట్టు మీద కొబ్బరి చెట్ల లెక్క

కోనసీమ నేల బల్లపరుపు. ధవళేశ్వరంలో 1847 నుంచి 1852 వరకు కాటన్ దొర కట్టించిన ఆనకట్ట నీళ్లు కాలువలై, బోదెలై గోదావరి మధ్య డెల్టా అంతటా పరుచుకున్నాయి. ఎటు చూసినా కొండ లేదు, గుట్ట లేదు. కొండలున్న ప్రాంతంలో ఒకదాని వెనక ఒకటి లేచే వరసలు ఫొటోకి లోతునిస్తాయి. మన దగ్గర ఆ పని కాలువ గట్టు, కొబ్బరి వరస, కరెంటు స్తంభాలు, కొత్తగా ఊడ్చిన చేను చేయాలి. అందుకే పర్‌స్పెక్టివ్ అంటే ఏమిటో నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బడి దొరకదు.

కొబ్బరి మొక్కల మధ్య ఇంచుమించు 8 మీటర్ల దూరం వదులుతారు. గట్టు మీద అలాంటి వరసను ఎంచుకుని, మొదటి చెట్టుకు 5 మీటర్ల దూరంలో, వరసకు కాస్త పక్కగా నిలబడండి. రెండో చెట్టు మీకు 13 మీటర్ల దూరంలో, మూడోది 21లో, నాలుగోది 29లో, ఐదోది 37లో ఉంటాయి. కంటికి కనబడే ఎత్తు దూరానికి విలోమంగా తగ్గుతుంది. అంటే ఐదో చెట్టు మొదటి చెట్టులో ఏడో వంతుకన్నా కాస్త తక్కువగా కనిపిస్తుంది. మొదటి చెట్టు రాక్షసుడిలా ముందుకొస్తుంది, మిగతావి పరుగెత్తి పారిపోతున్నట్టు ఉంటాయి.

ఇప్పుడు అదే వరసకు 50 మీటర్ల దూరం జరగండి. చెట్లు 50, 58, 66, 74, 82 మీటర్ల దూరంలో ఉన్నాయి. ఐదో చెట్టు ఇప్పుడు మొదటి చెట్టులో ఆరు పదో వంతులు ఉంది. అన్నీ భుజం భుజం కలిపి నిలబడ్డట్టు కనిపిస్తాయి. మొదటి చెట్టు ఫ్రేములో మునుపటంత ఎత్తుగా ఉండాలంటే 24 మి.మీ. లెన్సు తీసేసి 240 మి.మీ. పెట్టాలి, ఎందుకంటే పది రెట్లు వెనక్కి వచ్చారు. చెట్లు మారలేదు, వాటి మధ్య 8 మీటర్లూ మారలేదు. మీరు మారిన 45 మీటర్లే ఈ తేడా అంతటికీ కారణం.

టెలీ లెన్సు వెనకవాటిని దగ్గరకి లాగుతుందని ఫొటోగ్రాఫర్లే అంటుంటారు. ఈ మాట నిజమో కాదో మీరే తేల్చుకోవచ్చు. 50 మీటర్ల దగ్గర నిలబడి 24 మి.మీ.తో ఒక ఫొటో, కదలకుండా అక్కడి నుంచే 240 మి.మీ.తో ఒకటి తీయండి. మొదటి దాంట్లో నడిమి భాగాన్ని పది రెట్లు పెద్దది చేసి రెండోదాని పక్కన పెట్టండి. మసక తప్ప తేడా ఉండదు. చెట్ల వరస, వాటి ఎత్తుల నిష్పత్తి అచ్చం ఒకటే. ఫోనుతోనైతే 1, 3 నొక్కి ఇదే పరీక్ష చేయొచ్చు. ఒక్కసారి చేసి చూసినవాళ్లు ఆ తరవాత జూమ్ రింగు తిప్పే ముందు కాళ్ల వైపు చూసుకుంటారు. అందుకే ఎంత తెలిసినట్టున్నా ఈ పరీక్ష స్వయంగా చేయమని గట్టిగా చెబుతాను.

అలవాటుగా మార్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. కెమెరాను సంచిలోంచి తీయకుండా, ఒక కన్ను మూసుకుని నడవండి. రెండు కళ్లతో చూస్తే మెదడు లోతును తనంతట తానే లెక్కగడుతుంది. ఒక కన్ను మూస్తే కెమెరా చూసినట్టు చదునుగా కనిపిస్తుంది. ముందున్న పడవకూ వెనకున్న గట్టుకూ మధ్య ఎంత నిష్పత్తి కావాలో, ఏది దేని వెనక దాక్కోవాలో, ఏది బయటికి రావాలో ముందుకీ వెనక్కీ, పక్కకీ నడుస్తూ చూసుకోండి. పొందిక కుదిరిన చోట ఆగండి. అప్పుడు మాత్రమే సంచి తెరిచి, ఆ దృశ్యానికి ఏ లెన్సు సరిపోతుందో అది తీయండి. జూమ్ లెన్సుంటే రింగు అప్పుడు తిప్పండి.

చందమామతో ఈ సూత్రం మరీ స్పష్టంగా తెలుస్తుంది. ముక్తేశ్వరం రేవులో పౌర్ణమినాడు సాయంత్రం తూర్పుకేసి, కోటిపల్లి వైపు చూస్తూ నిలబడితే గౌతమి మీదుగా చంద్రుడు లేస్తాడు. కంటికి పళ్లెమంత ఉంటాడు, ఫొటోలో బియ్యపుగింజంత వస్తాడు. చంద్రబింబం ఆకాశంలో అర డిగ్రీ మేర మాత్రమే ఉంటుంది. ఫుల్‌ఫ్రేమ్ సెన్సారు మీద 24 మి.మీ. లెన్సు దాన్ని 0.2 మి.మీ. చుక్కగా వేస్తుంది, 200 మి.మీ. లెన్సు 1.8 మి.మీ. చేస్తుంది. మీరు ముందుకు నడిచినా వెనక్కి నడిచినా చంద్రుడి సైజు మారదు. మారేది ముందున్న పడవ సైజు. ఒక వస్తువు తన పొడవుకు ఇంచుమించు 110 రెట్ల దూరంలో ఉంటే చంద్రుడితో సమానంగా కనిపిస్తుంది. 8 మీటర్ల పడవ మీకు 880 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు, దాని వెనక లేచే చంద్రుడు పడవంత ఉంటాడు. గోదావరి వెడల్పు అంతటి దూరాన్ని మనకు ఉచితంగా ఇచ్చింది. పడవ దూరంగా ఉన్నప్పుడే పొడుగు లెన్సు పెట్టండి. రేవుకు దగ్గరగా వచ్చాక ఎంత గొప్ప టెలీ పెట్టినా చంద్రుడు పెరగడు.

మనుషుల ముఖాలకూ ఇదే లెక్క. ముక్కు కొసకూ చెవికీ మధ్య దూరం 12 సెంటీమీటర్లు అనుకుందాం. 40 సెంటీమీటర్ల దూరం నుంచి తీస్తే చెవికంటే ముక్కు 30 శాతం పెద్ద సైజులో కనిపిస్తుంది. 2 మీటర్ల దూరం నుంచైతే తేడా 6 శాతమే. మండువా లోగిలి అరుగు మీద కూర్చున్న మామ్మగారిని తీయాలంటే ఫోను పట్టుకుని ముఖం మీదికి వెళ్లకండి. నాలుగడుగులు వెనక నిలబడి 2 నొక్కండి. ఆవిడ ముఖం ఆవిడ ముఖంలా వస్తుంది, దగ్గరికొచ్చి మొహం మీద కెమెరా పెట్టారన్న ఇబ్బందీ ఆవిడకు ఉండదు. పెళ్లి గుంపుల్లో చివర నిలబడ్డవాళ్లు అడ్డంగా సాగిపోయి కనిపించడం మాత్రం వైడ్ లెన్సు అంచుల స్వభావం. కాస్త వెనక్కి జరిగి 35 మి.మీ. దాటిన లెన్సు వాడితే ఆ బాధ తగ్గుతుంది. పెద్దవాళ్లను అంచున నిలబెట్టకుండా ఉంటే ఇంకా మంచిది.

గోపురం వెనక్కి వాలిపోతున్నట్టు రావడానికి లెన్సును తప్పుపట్టకండి. కెమెరాను పైకి వంచారు కాబట్టి నిలువు గీతలు పైన కలుసుకున్నాయి. కెమెరాను నేలకు సమాంతరంగా పట్టుకుని గోపురం మొత్తం పట్టేదాకా వెనక్కి నడవండి. వీధి అంత చోటివ్వకపోతే వైడ్ లెన్సుతో సమాంతరంగానే తీసి, కింద ఎక్కువగా వచ్చిన రోడ్డును కత్తిరించేయండి. అదీ కుదరకపోతే బాగా దగ్గరికెళ్లి నిటారుగా పైకి చూస్తూ, ఆ వాలునే ఫొటోకు విషయం చేయండి. అటూ ఇటూ కాకుండా కొద్దిగా వంచి తీసిందే పొరపాటులా కనిపిస్తుంది.

ఇంట్లో కూర్చుని చేసే సాధన కూడా ఒకటుంది. బాపు తీసిన ‘సాక్షి’ 1967లో వచ్చింది. స్టూడియో సెట్లు వదిలి, ఇప్పటి కోనసీమ జిల్లాలోని పులిదిండి ఊళ్లో తీసిన సినిమా అది. శబ్దం ఆపేసి చూడండి. ప్రతి షాటు దగ్గర ఆపి, కెమెరా ముందున్న మనిషికి ఎన్ని అడుగుల దూరంలో ఉందో, వెనకున్న ఇల్లో చెట్టో ఎంత సైజులో ఉందో అంచనా కట్టండి. లెన్సు ఏదని ఆలోచించకండి, కెమెరా పెట్టిన చోటెక్కడని మాత్రమే అడగండి. కొన్నాళ్లకు ఎవరి ఫొటో చూసినా వాళ్లు నిలబడ్డ చోటు తెలిసిపోతుంది.

పొడుగు లెన్సుకు వెలుగు తక్కువా?

ఎఫ్ నంబరు అనేది లెన్సు ఫోకల్ లెంగ్త్‌ను లోపలి రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్య. ఎఫ్ 4 దగ్గర 50 మి.మీ. లెన్సు రంధ్రం 12.5 మి.మీ., 200 మి.మీ. లెన్సు రంధ్రం 50 మి.మీ. పొడుగు లెన్సు తన పొడుగు వల్ల పలచబడే వెలుగును పెద్ద రంధ్రంతో పూడ్చుకుంటుంది. కాబట్టి ఎఫ్ 4 ఎక్కడైనా ఎఫ్ 4 వెలుగే. మబ్బు లేని ఎండలో ఎఫ్ 16 దగ్గర ఐఎస్ఓ 100కి షట్టర్ 1/100 అన్న పాత సూత్రం ఉంది. ఎఫ్ 8కి తెరిస్తే 1/400. ఎండలో నిలబడ్డ మనిషికి 24 మి.మీ.తోనైనా 200 మి.మీ.తోనైనా అదే లెక్క. పెద్ద టెలీలు బరువుగా, అంత ఖరీదుగా ఎందుకుంటాయో కూడా ఇక్కడే తెలుస్తుంది. 200 మి.మీ. దగ్గర ఎఫ్ 2.8 కావాలంటే 71 మి.మీ. రంధ్రం ఉండాలి, ముందు అద్దం అంతకంటే పెద్దదై ఉండాలి.

మరి లెన్సు మారిస్తే ఎక్స్‌పోజర్ ఎందుకు మారుతోంది? చాలా కెమెరాలతో వచ్చే 18-55 జూమ్ చుట్టూ 3.5-5.6 అని రాసి ఉంటుంది. 18 దగ్గర ఎఫ్ 3.5 దాకా తెరుచుకుంటుంది, 55 దగ్గర 5.6 దాటి తెరుచుకోదు. తేడా ఒకటీ మూడో వంతు స్టాపు (వెలుగు రెట్టింపైనా, సగమైనా అది ఒక స్టాపు). ఇది కాగితం మీద చిన్నది. సందె చీకట్లో ముక్తేశ్వరం నుంచి కోటిపల్లికి వెళ్లే పంటు మీద పెద్దది. 18 దగ్గర ఎఫ్ 3.5, 1/30, ఐఎస్ఓ 800తో ఫొటో సరిగ్గా వచ్చిందనుకోండి. రింగు తిప్పి 55కి వెళ్లారు. వెలుగు రెండున్నర రెట్లు తగ్గింది. ఎంత జూమ్ చేస్తే చేతి వణుకు అంత పెద్దదిగా కనిపిస్తుంది కాబట్టి 1/30 ఇక చాలదు. ఈ చిన్న సెన్సారు కెమెరాల్లో 55ను ఒకటిన్నరతో హెచ్చిస్తే 82, అంటే కనీసం 1/80 ఉండాలి. అక్కడ మరో రెండున్నర రెట్లు పోయింది. రెండూ కలిపి ఆరేడు రెట్లు. ఐఎస్ఓ 800 కాస్తా 6400 దగ్గరికి చేరుతుంది, ఫొటో నిండా రవ్వలు. కదిలే పంటు మీద వణుకును ఆపే లెన్సు కొంతవరకే సాయపడుతుంది, ఎందుకంటే ఎదురుగా వచ్చే పడవా కదులుతోంది. ఆ వేళప్పుడు 18 దగ్గరే ఉండి, పంటులో ఎదటివాళ్ల దగ్గరికి రెండడుగులు వేయడమే మేలు. ఎన్నో ఏళ్లుగా మార్కెట్లో ఉన్న 50 మి.మీ. ఎఫ్ 1.8 లాంటి చిన్న లెన్సును అందరూ ఎందుకు కొనమంటారో కూడా ఈ లెక్కే చెబుతుంది. 5.6తో పోలిస్తే అది పది రెట్ల దాకా ఎక్కువ వెలుగు తీసుకుంటుంది.

ఇంకో కారణం దీనికన్నా ముఖ్యం, దీన్ని ఎవరూ సరిగా చెప్పరు. లెన్సు మారితే ఫ్రేములోని సరుకు మారుతుంది. మీటరు కొలిచేది ఆ సరుకునే. ఏం చూపించినా అది మధ్యరకం బూడిద రంగే అనుకుని లెక్కకట్టడం మీటరు పుట్టుకతో వచ్చిన గుణం.

పచ్చటి వరిచేలో ఒక తెల్లకొంగ నిలబడి ఉంది. గట్టు మీద నుంచి 24 మి.మీ.తో తీస్తే ఫ్రేములో తొంభై పాళ్లు పచ్చ, కొంగ ఒక చుక్క. పచ్చటి చేను మీటరుకు కాస్త చీకటిగా అనిపించి వెలుగు పెంచుతుంది. చేను బాగానే వస్తుంది, కొంగ ఈకలన్నీ కలిసిపోయి తెల్ల మరకవుతుంది. అదే చోటు నుంచి 300 మి.మీ.తో కొంగను ఫ్రేము నిండా తీసుకోండి. ఈసారి తెలుపును చూసి మీటరు భయపడి వెలుగు తగ్గిస్తుంది, కొంగ బూడిద పూసుకున్నట్టు వస్తుంది. కొంగ మీద పడే ఎండ రెండుసార్లూ ఒక్కటే! మొదటిసారి ఒక స్టాపు తగ్గించాలి, రెండోసారి ముప్పావు నుంచి ఒక స్టాపు పెంచాలి. ఈనాటి కెమెరాలు ఫ్రేమును భాగాలుగా విడగొట్టి తెలివిగానే కొలుస్తాయి, అయినా ఈ గుణం పూర్తిగా పోలేదు. తెల్లపంచెలో ఉన్న రైతుకు, సున్నం వేసిన గుడి ప్రహరీకి, ఎండబెట్టిన కొబ్బరి చిప్పలకు ఇదే వర్తిస్తుంది.

వైడ్ లెన్సుకు అసలు చిక్కు ఆకాశం. 24 మి.మీ. లెన్సు అడ్డంగా 74 డిగ్రీలు చూస్తుంది, 200 మి.మీ.ది 10 డిగ్రీలే. బల్లపరుపు నేల మీద 74 డిగ్రీలు చూసే కన్ను తెరిస్తే సగం ఆకాశమే. జనవరిలో దాళ్వాకు నీళ్లు పెట్టిన చేలైతే కింద సగంలోనూ ఆకాశం మెరుస్తూ ఉంటుంది. మీటరు ఆ తెల్లదనానికి లొంగి మొత్తం తగ్గించేస్తే గట్టు మీద నడిచే మనిషి నల్లటి బొమ్మ. అందుకే వైడ్ లెన్సుతో తీసే ముందు కెమెరాను కాస్త కిందికి, ఎండ పడే గడ్డి వైపు దించి అక్కడ వెలుగు కొలిచి, దాన్ని లాక్ చేసి, మళ్లీ పైకెత్తి తీయండి. ఫోనులో ముఖ్యమైన దాని మీద వేలు నొక్కి పట్టుకుంటే లాక్ పడుతుంది, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకీ కిందికీ జరిపి సరిచేయొచ్చు. ఆకాశం పూర్తిగా తెల్లబడుతుంటే దాన్ని బతికించడానికి కొంచెం తగ్గించి తీసి, నీడలను తరవాత పైకి తెచ్చుకోండి. నీడలో కాస్త వివరం దాగి ఉంటుంది, కాలిపోయిన తెలుపులో ఏమీ మిగలదు.

కొబ్బరితోట లోపల పరిస్థితి వేరు. ఎండ తోట బయటే ఆగిపోయి, లోపల మూడు నాలుగు స్టాపులు తగ్గుతుంది. మధ్యలో ఆకుల సందుల్లోంచి పడే ఎండ చుక్కలు మాత్రం బయటి ఎండంత తీవ్రంగా ఉంటాయి. వైడ్ లెన్సుతో తీస్తే చుక్కలూ నీడలూ ఆకాశపు తునకలూ అన్నీ ఒకే ఫ్రేములో పడి ఏ ఎక్స్‌పోజరూ సరిపోదు. ఇక్కడ నేను 85 మి.మీ. ప్రాంతపు లెన్సునే ఇష్టపడతాను. దింపు తీసే మనిషి, అతని వెనక నిలకడైన నీడ, అంతే. ఇరుకు చూపు వల్ల వెలుగులో గొడవ పెట్టే భాగాలన్నీ ఫ్రేము బయటే ఉండిపోతాయి.

ఇక మళ్లీ గుడి దగ్గరికి. ఐనవిల్లి స్వామి దక్షిణాభిముఖుడు. దక్షిణం వైపు గోపురం మీద ఎండ ఎప్పుడు పడుతుందన్నది కెమెరా ఉన్నవాళ్లకు చాలా అవసరమైన సంగతి. ఊరు ఇంచుమించు 16.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు, జనవరిల్లో సూర్యుడు రోజంతా దక్షిణపు ఆకాశంలోనే ఉంటాడు, మధ్యాహ్నం కూడా 50 డిగ్రీల ఎత్తు దగ్గరే. గోపురం ముందు భాగం ఉదయం నుంచి సాయంత్రం దాకా వెలుగులో ఉంటుంది. జూన్‌లో సూర్యుడు రోజంతా ఉత్తరం వైపే నడుస్తాడు, దక్షిణ ముఖం నీడలో పడి వెనక ఆకాశం మండుతూ ఉంటుంది. వినాయక చవితి రోజుల్లో మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు కాబట్టి బొమ్మల కనుబొమల కింద నల్లటి నీడలు దిగుతాయి. అందుకే చవితికి వెళ్తే ఉదయమే తీయండి. జూన్‌లో వెళ్తే వైడ్ లెన్సుతో ఆకాశాన్ని కలుపుకుని తీయాలని చూడకండి. దూరం నుంచి టెలీతో గోపురంలో ఒక అంతస్తును మాత్రమే, ఆకాశం రాకుండా తీసుకోండి. నీడలోని మెత్తటి వెలుగు రంగులకు చాలా బాగుంటుంది. గర్భాలయం దగ్గర మాత్రం కెమెరా సంచిలోనే ఉండాలి.

పోలరైజర్ ఫిల్టరు గురించి కొంచెం. కొబ్బరాకు మీది జిగిని, కాలువ నీటి మీది మెరుపును తగ్గించి అసలు రంగు చూపిస్తుంది, బదులుగా ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుగు తీసుకుంటుంది. సూర్యుడు మీకు పక్కన ఉన్నప్పుడే బాగా పనిచేస్తుంది. 24 మి.మీ. కంటే వెడల్పు లెన్సు మీద పెడితే ఆకాశం ఒక పక్క ముదురు నీలం, ఇంకో పక్క లేతగా వస్తుంది, వద్దు.

ఎండెక్కాక చేల మీదుగా, తారు రోడ్డు మీదుగా టెలీతో దూరానివి తీస్తే వేడి గాలి అలల వల్ల ఫొటో ముద్దగా వస్తుంది. లెన్సు పాడైందని కంగారుపడకండి, తెల్లవారాక మొదటి గంటలో తీయండి. పొగమంచు ఉంటే ఒక స్టాపు పెంచండి. ఏసీ కారులోంచి దిగగానే మన ఉక్కకు అద్దం మీద తేమ పడుతుంది. పావుగంట సంచిలోనే ఉంచి తీస్తే ఆ ఇబ్బంది ఉండదు. ఇంట్లో లెన్సుల డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, నెలకోసారైనా మార్చండి. కోనసీమ తేమలో లెన్సులకు బూజు పట్టడం చాలా త్వరగా జరిగిపోతుంది.

కనుమనాడు మొసలపల్లి దారిలో

ఇదంతా ఒక్కచోట పరీక్షకు వచ్చే రోజు కనుమ. మొసలపల్లి జగ్గన్నతోటకు ఏకాదశ రుద్రులు ప్రభల మీద తరలి వచ్చే తీర్థం అది. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటంగా వెళ్లింది ఈ ప్రభల తీర్థమే. వెదురు కట్టి రంగుల బట్టలు చుట్టిన ఎత్తైన ప్రభలను మనుషులు భుజాల మీద మోస్తూ పచ్చటి వరిచేల మధ్య నుంచి, కౌశిక కాలువ నీళ్లలోంచి తెస్తారు. కెమెరా పట్టుకున్న ప్రతివాడూ ఒకే ఫొటో కోసం పోటీపడతాడు. ఏం చెప్పాలని వెళ్లారో ముందే తేల్చుకోండి.

మోసేవాళ్ల కష్టం చెప్పాలనుకుంటే దగ్గరే మీ చోటు. 24 నుంచి 28 మి.మీ.తో నడుము ఎత్తులో కెమెరా పట్టుకుంటే ముందున్న భుజం పెద్దదిగా, దాని మీదుగా ప్రభ ఆకాశంలోకి లేచిపోతూ కనిపిస్తుంది. 24 మి.మీ. దగ్గర ఎఫ్ 8 పెట్టి 2.4 మీటర్ల దూరానికి ఫోకస్ చేస్తే 1.2 మీటర్ల నుంచి కనుచూపు మేర దాకా అంతా స్పష్టంగా ఉంటుంది. తోపులాటలో ఫోకస్ వెతుక్కునే పని ఉండదు. మోసేవాళ్ల ముఖాలు ప్రభ నీడలో ఉంటాయి కాబట్టి వెలుగును ఆ ముఖాల మీదే కొలవండి. ఆకాశం కాస్త తెల్లబడితే బడనివ్వండి.

ప్రభలన్నీ ఒకచోట చేరిన వైభవం చెప్పాలంటే తోట అంచుకు, లేదా అవతలి గట్టుకు వెళ్లిపోవాలి. ముందున్న ప్రభకు 10 మీటర్ల దగ్గర నిలబడితే, దానికి 30 మీటర్ల వెనక ఉన్న ప్రభ నాలుగో వంతే కనిపిస్తుంది. 100 మీటర్ల దూరంలో నిలబడితే రెంటి మధ్య నిష్పత్తి 100కి 130. రుద్రులందరూ ఒకరికొకరు ఎదురుపడి కూర్చున్న అనుభూతి ఆ దూరం నుంచే వస్తుంది, 200 మి.మీ. దానికి సరిపోతుంది. అయితే ఎఫ్ 8 దగ్గర 200 మి.మీ. లెన్సుతో 167 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే తప్ప 83 మీటర్ల నుంచి అంతా స్పష్టంగా రాదు. అందుకే ఇక్కడ ఎఫ్ 11 దాకా మూయాల్సి వస్తుంది. షట్టర్ మాత్రం 1/250 కంటే తగ్గకూడదు. ఎఫ్ 11 దగ్గర ఎండలో ఐఎస్ఓ 200 చాలు, తోట నీడలో 1600 పైకి పోవాలి. ఆ ఐఎస్ఓకు జంకకండి.

కౌశిక దాటే ఘట్టానికి గట్టు ఎక్కి పక్క నుంచి తీయండి. నీళ్లలో మనుషుల తలలు, పైన ప్రభ, నీటిలో దాని నీడ మొత్తం పట్టాలంటే 70 మి.మీ. చుట్టుపక్కల లెన్సు, 1/500 షట్టరు సరిపోతాయి. నీటి మెరుపు మీటరును మోసం చేస్తుంది కాబట్టి జనం వచ్చే ముందే గట్టు మీది గడ్డి మీద కొలిచి మాన్యువల్‌లో ఉంచుకోండి.

ఇక వైడ్ లెన్సు పెట్టుకున్నవాళ్లకు ఒక్క మాట. అది మిమ్మల్ని దగ్గరికి రమ్మంటూనే ఉంటుంది. ఫ్రేములో ఇంకా చిన్నగా ఉన్నట్టు కనిపించిన ప్రభ నిజానికి మీ నెత్తి మీదికి వచ్చేసి ఉంటుంది. కన్ను కెమెరాలోంచి తీసి అప్పుడప్పుడూ దూరం చూసుకోండి. అంత బరువు భుజాన ఉన్నవాళ్లు బురదలో అడుగు మార్చి మిమ్మల్ని తప్పించుకోలేరు. వాళ్ల దారికి ఎదురుగా వెనక్కి నడుస్తూ తీయకండి. ముందే పక్కన చోటు చూసుకుని నిలబడి, వాళ్లు మీ ముందు నుంచి దాటిపోయేటప్పుడు తీయండి.